చీటీ తెచ్చావా?



భద్రాచలం పేరు వినగానే తెలుగువారికి రామదాసు గుర్తుకు వస్తాడు. ఆ కథను నేను ఎన్నో ఏళ్ళు తరగతిలో చెప్పాను. రామలక్ష్మణులు మారువేషాలలో వచ్చి తానీషాకు సొమ్మంతా చెల్లించి, ఆయనచేత చెల్లుచీటీ వ్రాయించుకొని, దానిని చెరసాలలో ఉన్న గోపన్న వద్ద పెట్టి వెళ్ళారని ఐతిహ్యం. సాక్షాత్తు దేవుడే అయినా చీటీ పుచ్చుకోకుండా పోలేదన్నమాట! ఈ మాట అనగానే పిల్లలు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. చీటీ విలువ నాకు తెలియవచ్చింది ఆ తరువాత కొంతకాలానికి.

ఈ టపాలో చెప్పబోయేది వైద్యుడు వ్రాసి ఇచ్చే చీటీ చరిత్ర. ఖమ్మం నుండి భద్రాచలం అడవి అంచుదాకా ప్రైవేటు వైద్యుని గుమ్మం తొక్కిన ఎవరికైనా మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "పాత చీటీ తెచ్చావా?" ఈ ప్రశ్నలోనే మన వైద్యచరిత్ర సగం దాగి ఉన్నది. రోగి వివరాలు వైద్యుని దగ్గర ఉండవు, రోగి దగ్గరే ఉండాలి అన్న ఏర్పాటును ఎవరూ ఒకచోట కూర్చుని నిర్ణయించలేదు. అది అలా జరుగుతూ వచ్చింది.

పండితుణ్ణి కనుక ఒక చిన్న పక్కదారి. 'చీటి' అన్న మాట హిందీలోని చిట్ఠీకి చుట్టం. ఆంగ్లేయులు తమ భాషలో వాడుకునే 'చిట్' కూడా ఇక్కడినుండి పోయినదే. దొరలు మనకు చీటీలు వ్రాయడం నేర్పారనుకుంటాము గాని, మాట మాత్రం మనవైపు నుండి వారికి అరువు వెళ్ళింది.

మన ప్రాచీన వైద్య గ్రంథాలను తిరగవేస్తే ఒక వింత కనిపిస్తుంది. సంస్కృతమూ తెలుగూ కలిసి నడిచే బసవరాజీయం తెలుగు వైద్యులకు ఎంతో ప్రియమైన గ్రంథం. నాడి చూడడం, రోగలక్షణాలు, రసాలు, చూర్ణాలు అన్నీ అందులో ఉన్నాయి. రోగి మాత్రం లేడు. ఫలానా ఊరి ఫలానావానికి ఫలానా నాడు జ్వరం వచ్చింది, మందిచ్చాను, తగ్గింది లేదా తగ్గలేదు అన్న వ్రాత అందులో వెదికినా దొరకదు. రోగానికి గ్రంథం ఉన్నది, రోగికి పుట లేదు. గ్రీకు దేశంలో హిప్పోక్రటీసు పేరిట నిలిచిన 'మహమ్మారులు' అనే గ్రంథంలో ఒకటవ, మూడవ భాగాలలో 42 మంది రోగుల వృత్తాంతాలు రోజువారీగా ఉన్నాయి. చాలామంది చివరికి చనిపోయినట్టు కూడా దాపరికం లేకుండా వ్రాసిపెట్టారు. మనవారికి ఆ అలవాటు లేకపోవడం నన్ను ఎప్పుడూ బాధిస్తుంది. అయితే మనవారు వేరొక సంగతిని గట్టిగా పట్టుకున్నారు. చరకసంహిత విమానస్థానంలో శిష్యుడు చేయవలసిన ప్రతిజ్ఞ ఉన్నది. రోగి ఇంట తెలిసిన సంగతులను బయట చెప్పరాదన్నది అందులో ఒక నియమం. వ్రాసి ఉంచలేదు గాని, నోరు కట్టుకోమన్నారు. అడవిలోని వడ్డెలకైతే గ్రంథమూ లేదు, చీటీ లేదు. గూడెంలో ప్రతివాని మూడు తరాల జబ్బులూ వారి జ్ఞాపకంలో ఉండేవి.

మా ప్రాంతపు రాజకీయ చరిత్ర ఇంకొక చిక్కు. భద్రాచలం తాలూకా 1860లో నిజాము చేతినుండి ఆంగ్లేయులకు దఖలు పడి, కొంతకాలం మధ్య పరగణాలలో ఉండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు వచ్చింది. అవతలి గట్టున బూర్గంపాడు నిజాము రాజ్యంలోనే మిగిలింది. అంటే నదికి ఈ ఒడ్డున జ్వరం వస్తే మద్రాసు ప్రభుత్వపు లెక్క, పడవ దాటితే హైదరాబాదు ప్రభుత్వపు లెక్క. ఈ గట్టున వైద్యుని వ్రాత ఇంగ్లీషులో, ఆ గట్టున దఫ్తరు ఉర్దూలో. 1956లో రాష్ట్రం ఒకటయింది. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో చేరింది. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గోదావరి వంతెనను ప్రారంభించారు. ఆ వంతెన మీదుగా సరుకులతోపాటు ఒక కొత్త మాట కూడా మా అడవిలోకి ప్రవేశించింది: "పెద్దాసుపత్రికి వ్రాసిచ్చారు." అంతకుముందు వ్రాసి ఇచ్చినా పోవడానికి దారి ఏదీ? వంతెన వచ్చాక కొత్తగూడెం, ఖమ్మం, వరంగల్లు, చివరకు హైదరాబాదు, ఇలా ఒక మెట్లవరుస ఏర్పడింది. ప్రతి మెట్టు మీదా ఒక చీటీ.

ఇక ప్రైవేటు వైద్యుల సంగతి. పాతకాలపు ఎల్.ఎం.పి. డాక్టర్లను మా పెద్దలు తలచుకొంటూ ఉండేవారు. ఆ వైద్యుడు మందును తన గదిలోనే కలిపించేవాడు. కాంపౌండరు సీసాలో ఎర్రని మిశ్రమం పోసి, మోతాదులు తెలియడానికి గంట్లు పెట్టిన కాగితపు పట్టీ ఒకటి సీసాకు అంటించేవాడు. రోగి ఇంటికి పోయేది సీసా ఒక్కటే. ఏ మందు కలిపారన్నది వైద్యుని దినచర్య పుస్తకంలో, కాంపౌండరు తలలో ఉండిపోయేది. తరువాత మందుల దుకాణాలు వచ్చాయి. మందు అమ్మేది ఒకరు, వ్రాసేది మరొకరు అయ్యేసరికి ఆ వ్రాత బయటకు రాక తప్పలేదు. 1945 నాటి ఔషధ నియమాల ప్రకారం ఆ చీటీ మీద రోగి పేరు, చిరునామా, తేదీ, వైద్యుని సంతకం ఉండాలి. మందు ఇచ్చిన దుకాణదారు తన పేరు, తేదీ దానిమీద వేయాలి. నియమం ఎంతవరకు సాగిందన్నది వేరే మాట. ఒకటి మాత్రం జరిగిపోయింది. అప్పటిదాకా వైద్యుని పుస్తకంలో ఉన్న రోగి చరిత్ర, చీటీ రూపంలో రోగి చేతిలోకి వచ్చింది. ఆ వెనుకనే వైద్యుని పుస్తకం మూతపడింది. చీటీ రోగి దగ్గర ఉన్నది కదా, మనమెందుకు వ్రాసుకోవాలి అనుకున్నారు.

బ్రిటనులో దీనికి సరిగ్గా తలక్రిందులుగా జరిగింది. 1911 నాటి జాతీయ బీమా చట్టం తరువాత అక్కడి సామాన్య వైద్యులు ప్రతి రోగికీ ఒక సన్నని గోధుమరంగు లకోటా పెట్టారు. ఆనాటి ఆర్థికమంత్రి పేరుమీద దానిని లాయిడ్ జార్జి లకోటా అంటారు. మనిషి ఊరు మారితే ఆ లకోటా కొత్త వైద్యునికి చేరేది. పుట్టినప్పటినుండి పోయేదాకా అంతా అందులోనే ఉండేది. అయితే దానిలో ఏమున్నదో చూసుకునే హక్కు రోగికి చట్టంగా రావడానికి 1990 దాకా పట్టింది. అక్కడ వైద్యునికి అంతా తెలిసేది, రోగికి తెలిసేది కాదు. ఇక్కడ రోగి సంచిలో అంతా ఉన్నది, చదవడం రాదు.

మరి చదివేదెవరు? ఆశ్రమ పాఠశాలల పంతుళ్ళు. 1984లో ఏజెన్సీలో తెలుగు పండితుడిగా చేరిన నాటినుండి నేను చదివిన చీటీలకు లెక్క లేదు. ఆదివారం వచ్చిందంటే కోయ తల్లిదండ్రులు పిల్లలను చూడడానికి వచ్చి, పనిలో పనిగా చీటీ విప్పేవారు. "సారూ, దీంట్ల ఏమున్నది?" ఆ చీటీలను దాచిన చోట్లు చూస్తే నాకు ముచ్చట వేసేది. వెదురు బొంగులో చుట్టి చూరులో దోపినవి, ఇప్పపూల బుట్ట అడుగున పెట్టినవి, తాటాకు కప్పులో ఎక్స్‌రే అట్టలు. పట్టీ మీద గీసిన గుండె గీతలు మాత్రం వేడికి నల్లబడి, వెలిసి, రెండేళ్ళకు తెల్లకాగితమయ్యేవి.

ప్రభుత్వ వైద్యం గూడెంలో వదిలివెళ్ళిన వ్రాత ఒకటి గోడమీద ఉండేది. మలేరియా పనివారు వచ్చి వ్రేలు పొడిచి రక్తపు చుక్క గాజుపలక మీద తీసుకొని, క్లోరోక్విన్ మాత్రలిచ్చి, ఇంటి గోడ మీద అచ్చు వేసిన గడులలో తేదీ వ్రాసి పోయేవారు. 1958లో జాతీయ మలేరియా నిర్మూలన పథకం మొదలైన నాటినుండి ఈ గోడవ్రాత దేశమంతటా ఉన్నది. ఎవరి రక్తంలో ఏమి దొరికిందో గోడ చెప్పదు, వారు వచ్చి వెళ్ళిన తేదీ మాత్రమే చెబుతుంది. ఇదే మలేరియా రహస్యాన్ని 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డు రాస్ పట్టుకున్నాడు. ఒక్కొక్క దోమ కాటుకు ఒక అణా చొప్పున పుచ్చుకొని కుట్టించుకున్న రోగి పేరు హుస్సేన్ ఖాన్ అని రాస్ వ్రాసి ఉంచాడు. అందుచేతనే ఆ పేదవాని పేరు నేటికీ మిగిలింది. మా గూడేలలో అదే జ్వరంతో పోయినవారి పేర్లు ఏ పుస్తకంలో ఉన్నాయి?

ఒక పుస్తకంలో ఉన్నాయి. అది అప్పు పుస్తకం. గూడేలకు అసలు వైద్యుడు ఆర్.ఎం.పి. ఆ మాటకు అర్థం నమోదైన వైద్యుడని. నమోదు అనేది పేరులో తప్ప ఏ పుస్తకంలోనూ లేనివారే వీరిలో ఎక్కువ. వారిని నేను ఎగతాళి చేయను. అర్ధరాత్రి వాగు దాటి వచ్చినది వారే. రోగి వివరం వారు వ్రాసేవారు కాదు గాని, బాకీ మాత్రం తప్పక వ్రాసేవారు. "ఒక సూది, రెండు గ్లూకోజు సీసాలు, కల్లం నాటికి ఇవ్వవలెను." ఇటువంటి పద్దుల పుస్తకం ఒకటి నేను స్వయంగా చూశాను. ఏ ఇంట ఏ నెలలో ఎవరికి ఎన్నిసార్లు సూది పడిందో అంతా అందులో ఉన్నది. ఏ జబ్బుకు, ఏ మందు అన్నది లేదు. ఒక పల్లె మొత్తానికి ఉన్న ఏకైక వైద్యచరిత్ర అది. బాకీ తీరగానే అడ్డంగా కొట్టివేస్తారు. 2008లో రాష్ట్ర ప్రభుత్వం వీరికి శిక్షణ ఇచ్చి సామాజిక వైద్య సహాయకులుగా గుర్తించాలని తలపెట్టింది. ఆ పని నడిమధ్య ఆగింది.

ఇక నన్ను ఇది వ్రాయడానికి పురికొల్పిన సంగతి.

1985 చలికాలంలో మా ఏడవ తరగతి పిల్లవానికి మోకాళ్ళు వాచి జ్వరం వచ్చింది. ఒక కీలు తగ్గితే మరొకటి వాచేది. వాని తండ్రితో కలిసి నేనే పట్టణంలో ఒక ప్రైవేటు వైద్యుని దగ్గరకు తీసుకుపోయాను. ఆయన మంచివాడు, ఓపికగా చూశాడు. గొంతునొప్పితో మొదలై కీళ్ళను పట్టి, గుండెను కాటువేసే జబ్బు అని చెప్పాడు. పెన్సిలిన్ సూది ప్రతి 21 రోజులకు ఒకసారి, ఏళ్ళ తరబడి వేయించాలన్నాడు. చీటీ మీద మందు పేరు వ్రాసి, క్రింద 'ఆపవద్దు' అని రెండు గీతలు గీశాడు. నకలు ఆయన ఉంచుకోలేదు. అప్పట్లో ఎవరూ ఉంచుకునేవారు కాదు. ఆ చీటీ చూపి పక్క ఊరి కాంపౌండరు చేత సూదులు వేయించేవారు. నేను ఆ చీటీని మూడుసార్లు చదివి తండ్రికి వినిపించాను. నకలు నేనూ వ్రాసుకోలేదు.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. 53 అడుగులకే మూడవ ప్రమాద హెచ్చరిక ఇస్తారంటే ఆ నీరు ఎంతో ఊహించుకోండి. ఒడ్డు గూడేలవారు పిల్లాపాపలతో గుట్టలెక్కారు. ఇళ్ళు పోయాయి, చూరులు పోయాయి, చూరులలో దోపిన బొంగులూ పోయాయి. కాంపౌండరు ఊరు విడిచి ఎటో వెళ్ళాడు. ఇల్లు మళ్ళీ నిలబెట్టుకొని ఆ తండ్రి పిల్లవాణ్ణి వైద్యుని దగ్గరకు తీసుకుపోయేటప్పటికి మూడు నెలలు గడిచాయి. ఆ సమయంలో నేను ఊరిలో లేను.

"పాత చీటీ తెచ్చావా?"

"గోదారి పట్టుకపోయింది సారూ."

ఏమి సూది అంటే "తెల్లమందు సూది" అన్నాడట. ఎన్నాళ్ళకొకసారి అంటే నెలకో ఏమో అన్నాడట. ఆ వేళకు పిల్లవానికి నొప్పులు లేవు, ముఖం తేటగా ఉన్నది. రోజుకు ఎందరినో చూసే వైద్యునికి ఏడాది క్రితపు ముఖం గుర్తుండాలని నేననను. బలానికి మాత్రలు వ్రాసి పంపాడు. తరువాతి వానాకాలానికి పిల్లవాడు బడి మెట్లు ఎక్కలేక ఆయాసపడ్డాడు. ఈసారి పై ఆసుపత్రికి చీటీ, అక్కడినుండి హైదరాబాదుకు ఇంకొక చీటీ. గుండె కవాటం అప్పటికే చెడిపోయిందన్నారు. మేము ఉపాధ్యాయులం కొంత సొమ్ము పోగుచేశాము. 1988 వేసవి సెలవులలో కబురు వచ్చింది. హాజరుపట్టీలో వాని పేరు నేనే కొట్టివేశాను.

ఎవరిది తప్పు? ఈ ప్రశ్నతో చట్టాలను చాలాకాలం తరువాత వెదికాను. 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు, సొమ్ము పుచ్చుకొని చేసే వైద్యం వినియోగదారుల చట్టం క్రిందికి వస్తుందని శాంత కేసులో తీర్పు చెప్పింది. అప్పటినుండి చీటీకి సాక్ష్యపు విలువ పెరిగింది. ఆ వెంటనే కొన్ని చీటీల అడుగున 'న్యాయస్థానపు అవసరాలకు చెల్లదు' అన్న సన్నని అక్షరాలు కూడా మొలిచాయి! 2002లో భారత వైద్య మండలి వృత్తి నియమావళి వచ్చింది. ఆసుపత్రిలో చేరిన రోగుల వివరాలు మూడేళ్ళు భద్రపరచాలి. అడిగితే 72 గంటలలో ఇవ్వాలి. చూడండి, 'చేరిన' రోగుల వివరాలు. గుమ్మంలో నిలబడి చూపించుకొని వెళ్ళిన మా పిల్లవానివంటి వారి ఊసు అందులో లేదు. ఒక రోగిని మరొకరి దగ్గరకు పంపినందుకు ప్రతిఫలం పుచ్చుకోరాదని కూడా ఆ నియమావళిలోనే ఉన్నది. ఈ కమీషను సంగతి పట్టణాలలో మీకు నాకంటె బాగా తెలుసు కనుక విస్తరించను. సెలవు కోసం ఇచ్చే వైద్య ధ్రువపత్రాలకు మాత్రం రిజిస్టరు పెట్టి, పుట్టుమచ్చలతో సహా వ్రాసి, నకలు ఉంచుకోవాలట. మా ఉపాధ్యాయ వర్గపు సెలవులకున్న భద్రత జబ్బుపడ్డ పిల్లలకు లేకపోయింది.

2012లో క్షయరోగుల పేర్లను ప్రైవేటు వైద్యులు కూడా ప్రభుత్వానికి తెలపడం తప్పనిసరి చేశారు. 2014లో నల్లగొండకు చెందిన ఒక మందుల దుకాణదారు, వైద్యుల వ్రాత చదవలేకపోతున్నామని హైదరాబాదు హైకోర్టుకెక్కాడు. మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలలో వ్రాయాలన్న సవరణ 2016లో నియమావళిలో చేరింది. ఇక 2023 ఆగస్టు 2న జాతీయ వైద్య కమిషను కొత్త నియమావళి ప్రకటించింది. సొంతంగా వైద్యం చేసేవారు చేరిన రోగులకే గాక, చూపించుకొని వెళ్ళేవారికి కూడా మూడేళ్ళపాటు వివరాలు ఉంచాలని అందులో ఉన్నది. చదివి కళ్ళద్దాలు తుడుచుకున్నాను. ఆగస్టు 23న దానిని నిలిపివేసి పాత నియమాలనే మళ్ళీ అమలులో పెట్టారు. లెక్కపెడితే సరిగ్గా 21 రోజులు. ఆ అంకె నన్ను విడిచిపెట్టదు.

చీటీ రోగి చేతిలో ఉండడమే తప్పని నేననడం లేదు. నైజీరియా పల్లెలలో డేవిడ్ మోర్లే అనే వైద్యుడు పిల్లల ఎదుగుదల పత్రాన్ని పాలిథీను సంచిలో పెట్టి తల్లుల చేతికే ఇచ్చాడు. వైద్యశాల బీరువాలోకంటె అమ్మల దగ్గరే అవి భద్రంగా ఉన్నాయని చూపాడు. మా కోయ తల్లులు అంతకు తీసిపోరు. చిక్కంతా ఆ చీటీ ఒక్కటే కావడంలో ఉన్నది. గోదారి ఒకటి, చీటీ ఒకటి.

2014లో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో, దానిని ఆనుకున్న ఎటపాక ఆంధ్రలో ఉన్నాయి. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు ఒకటే కార్డు, విభజన తరువాత రాష్ట్రానికొకటి. నదికి రెండు గట్లు రెండు రాజ్యాలైన పాతకాలం వేరొక రూపంలో తిరిగి వచ్చిందనిపిస్తుంది. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్ నుండి ప్రాణభయంతో వచ్చి మా అడవులలో తలదాచుకున్న గొత్తికోయల చేతులలో హిందీ చీటీలు చూశాను. 2021లో కేంద్రం 14 అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్యలు తెచ్చింది. మంచిదే. ఫోను సంకేతం అందని గూడెంలో ఆ ఖాతా ఎవరు విప్పుతారో చూడాలి. 2022 జూలైలో గోదావరి మళ్ళీ 71.3 అడుగులకు వచ్చింది. ఆ పునరావాస శిబిరాలలో యువకులు కొందరు తల్లిదండ్రుల చీటీలను ముందే ఫోనులో ఫోటో తీసుకొని ఉండడం చూసి, ఎవరు చెప్పారు మీకీ ఉపాయం అని అడిగాను. ఎవరూ చెప్పలేదట.

ఆ పిల్లవాడు పోయిన ఏడాది నేనొక రెండువందల పుటల నోటుపుస్తకం కొన్నాను. సెలవులనుండి వచ్చిన ప్రతి విద్యార్థి సంచీలో చీటీ ఉంటే నకలు వ్రాసుకునేవాణ్ణి: పేరు, తేదీ, మందు, పడనిది. అర్థం కాని అక్షరాలను బొమ్మ గీసినట్టు గీసేవాణ్ణి. అలా నాలుగు పుస్తకాలయ్యాయి. ఇతరుల జబ్బుల వివరాలు కనుక, చరకుని ప్రతిజ్ఞ నాకూ వర్తిస్తుందనుకొని బీరువాలో తాళం వేసి ఉంచుతాను. మా ఇంట్లోవారికి కూడా ఇవ్వను.

ఆ మధ్య ఒక పూర్వ విద్యార్థిని గోదావరి దాటి వచ్చింది. ఆమెకు ఏదో శస్త్రచికిత్స నిర్ణయించారట. "చిన్నప్పుడు నాకేదో మందు పడక ఒళ్ళంతా పొంగింది గద సారూ, డాక్టరు దాని పేరడుగుతున్నడు, అమ్మ లేదాయె" అన్నది. రెండవ పుస్తకం తీశాను. 1991, సెప్టెంబరు. అంచులు చెదలు తిన్నాయి. "సల్ఫా మాత్రలు పడవు" అని నా వ్రాత. ఆమె ఆ పుటను ఫోనులో రెండుసార్లు ఫోటో తీసుకొని, పుస్తకం నా చేతికిచ్చి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది.